దొరల వంశవృక్షంలో అమ్మమ్మలు

జేన్ ఆస్టిన్ రాసిన 'పర్సుయేషన్' నవలలో సర్ వాల్టర్ ఇలియట్ అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన సరదాకి చదివే పుస్తకం ఒక్కటే. అది బైబిలూ కాదు, షేక్‌స్పియరూ కాదు, బారొనెట్ల వంశాల చిట్టా. పొద్దు పోకపోతే అదే, మనసు బాగోకపోతే అదే. పుస్తకం ఎంత లావున్నా తన ఇంటిపేరు ఉన్న పేజీ దాటి ఆయన వెళ్ళడు. అందులో ఆయన పుట్టిన తేదీ ఉంది, పెళ్ళి తేదీ ఉంది, ముగ్గురు కూతుళ్ళ పేర్లున్నాయి, చనిపోయి పుట్టిన ఒక మగబిడ్డ ఉన్నాడు. అచ్చయ్యాక జరిగిన సంగతులు, భార్య పోయిన తేదీతో సహా, తన చేత్తోనే చేర్చుకున్నాడు. అన్నిటికంటే కింద ఇంకో పేరు రాసుకున్నాడు. ఆయన తరవాత ఇల్లూ బిరుదూ ఎవరికి పోతాయో ఆ దాయాది పేరది.

1817 చివర్లో వచ్చిన ఈ నవల నేను మూడు నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ మొదటి పేజీలో నవ్వొస్తుంది, రెండో పేజీకొచ్చేసరికి ఆ నవ్వు తగ్గుతుంది. ముగ్గురు కూతుళ్ళు ఇంట్లో తిరుగుతూనే ఉన్నారు కదా, మరి ఇల్లు వాళ్ళది కాదేం? రెండో కూతురు యాన్ ఉంది. ఇంట్లో తెలివి గలది ఆ పిల్ల ఒక్కతే, మాట చెల్లనిదీ ఆ పిల్ల ఒక్కతే. పంతొమ్మిదో ఏట ఒక నేవీ ఆఫీసర్ని ఇష్టపడితే, ఆస్తీ అంతస్తూ లేనివాడని పెద్దవాళ్ళు మాన్పించారు. ఎనిమిదేళ్ళ తరవాత అతను డబ్బూ పేరూ సంపాదించుకుని తిరిగొస్తాడు. చివరికి పెళ్ళవుతుంది. అప్పుడు తండ్రిగారు చేసే శుభకార్యం ఏమిటంటే, ఆ పెళ్ళి వివరం తన పుస్తకంలో సంతోషంగా రాసుకోవడం. కూతురి ఎనిమిదేళ్ళ కన్నీళ్ళు ఒక్క పంక్తిలో సరి! ఆస్టిన్ ఎక్కడా గొంతు పెంచదు. ఆ పుస్తకాన్ని ఆయన చేతిలో పెట్టి ఊరుకుంటుంది.

ఇంతకీ ఈ బారొనెట్ బిరుదు ఏ కురుక్షేత్రంలో గెలుచుకున్నదో అనుకునేరు. 1611లో మొదటి జేమ్స్ రాజుగారికి సైన్యం ఖర్చులకు డబ్బు చాలక, 1,095 పౌన్లు ఇచ్చినవాళ్ళకి ఈ బిరుదు ఇవ్వడం మొదలుపెట్టాడు. ముప్పై మంది సిపాయిలకు మూడేళ్ళ జీతమన్నమాట. ఇలియట్లకు రెండో ఛార్లెస్ కాలంలో వచ్చిందని ఆస్టిన్ రాసింది. కొనుక్కున్న సరుకైనా సరే, మూడు తరాలు గడిస్తే వంశగౌరవం అయిపోతుంది.

సర్ వాల్టర్ లాంటివాళ్ళ కోసం అచ్చమైన పుస్తకాలు అప్పట్లో చాలా ఉండేవి. జాన్ డెబ్రెట్ అనే పుస్తకాల వ్యాపారి 1802లో ప్రభువుల వంశాలనూ, 1808లో బారొనెట్ల వంశాలనూ వేశాడు. తరవాత 1826లో జాన్ బర్క్ అనే ఐర్లండు మనిషి అందరినీ కలిపి, అక్షరక్రమంలో పెట్టి, ఒకే పుస్తకంగా తెచ్చాడు. కొడుకు బెర్నార్డ్ బర్క్ ఆ పని అందుకున్నాడు. 'బర్క్స్ పీరేజ్' అంటే ఇంగ్లండులో పంచాంగమంత ప్రసిద్ధి. పిల్లనిచ్చేటప్పుడూ తెచ్చుకునేటప్పుడూ దాన్ని తిరగెయ్యని గొప్పింటి తల్లి ఉండేది కాదు. 2003లో 107వ కూర్పు వచ్చింది.

ఈ పుస్తకాన్ని ఒక సాహిత్యగ్రంథంగా చదివితే ఎలా ఉంటుందన్నది నా ప్రశ్న. పాత్రలకు కొదవ లేదు. యుద్ధాలు, ఉరికంబాలు, మేనరికాలు, మారు పెళ్ళిళ్ళు అన్నీ ఉన్నాయి. కాని అంతా పొడి అక్షరాల్లో ఉంటుంది. మనకు డి.ఎస్.పి. అంటే జీపూ, టోపీ, సలాములూను. బర్క్ పేజీల్లో ఒకాయన పేరు పక్కన డి.ఎస్.పి. అని ఉంటే, పిల్లలు లేకుండా పోయాడని లాటినులో అర్థం. డి.వి.పి. అని ఉంటే తండ్రి బతికుండగానే పోయాడని. ఒక ఇంటి శోకమంతా మూడక్షరాలు!

పాత సంపుటాల్లో పిల్లల వరస చూడండి. ముందు కొడుకులు, ఒకటి, రెండు, మూడు అని. వాళ్ళు అయిపోయాక కూతుళ్ళు, మళ్ళీ ఒకటి నుంచి. ముందు పుట్టిన అక్క, పదేళ్ళ తరవాత పుట్టిన తమ్ముడి కిందే కూర్చోవాలి. పెళ్ళయితే ఫలానావారిని చేసుకుందని ఒక ముక్క. ఆ తరవాత ఆ పిల్ల ఏమైందో తెలుసుకోవాలంటే ఆ ఫలానావారి పేజీకి వెళ్ళాలి. ఆ ఫలానావారు సామాన్యులైతే వాళ్ళకి పేజీయే ఉండదు. ఇంక ఈ ఇంటికి వచ్చిన కోడలి సంగతి. ఆవిడ ఎవరమ్మా అంటే ఫలానాయన కుమార్తె. ఆవిడ తల్లి పేరు సాధారణంగా కనిపించదు. అంటే ఏమన్నమాట? ఆ ఇంట్లో పుట్టిన బిడ్డకు తాతలూ ముత్తాతలూ పదిహేను తరాల దాకా ఉన్నారు, అమ్మమ్మ మాత్రం లేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనం వాళ్ళని చూసి నవ్వనక్కర్లేదు. గోత్రం, ప్రవర గడగడా చెప్పే ఇళ్ళలో అమ్మమ్మగారి అమ్మ పుట్టింటిపేరేమిటని అడిగి చూడండి. ఎంతమంది చెప్పగలరో.

వారసత్వం మగవాడికే అన్న ఈ చట్టం మీద ఇంగ్లీషు నవల సగం బతికింది. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో బెన్నెట్ దంపతులకు అయిదుగురు కూతుళ్ళు. ఇల్లు మాత్రం కాలిన్స్ అనే మొద్దు దాయాదికి రాసిపెట్టి ఉంది. ఆ తల్లి పెళ్ళిసంబంధాల పిచ్చి చూసి అందరూ నవ్వుతారు గాని, భర్త కన్ను మూసిన మర్నాడు ఎక్కడ ఉండాలో తెలియని ఆడదాని కంగారు అది. మొన్నమొన్న 2010లో మొదలైన 'డౌన్‌టన్ ఆబీ' సీరియలూ ఇదే కథ. 1912లో టైటానిక్ మునిగి వారసుడు పోతాడు. ఇంట్లో ముగ్గురాడపిల్లలు ఉండగా ఎక్కడినుంచో దూరపు చుట్టం ఒక లాయరు దిగుతాడు. పెద్దమ్మాయిని అతనికే ఇచ్చి పెళ్ళి చేసి, ఆ చిక్కు విడిపోయిందనిపించారు. గౌన్లూ వెండి పళ్ళాలూ కళ్ళనిండా చూపించి, అడగవలసిన ప్రశ్న అడగకుండా దాటేసింది సీరియల్. నా ఓటు ఆస్టిన్‌కే.

సరే, ఈ వంశాలన్నీ నిజమేనా? ఇక్కడే అసలు తమాషా ఉంది. ఇంగ్లండులో కులగోత్రాలూ చిహ్నాలూ చూసే రాజోద్యోగులు ఉంటారు. 1530 నుంచి 1688 దాకా వీళ్ళు జిల్లాలు తిరిగి, ఎవరు గొప్పవారో ఎవరు కారో విచారించి రాసుకునేవారు. ఆ రాతల్లో నిజాలున్నాయి, ఇచ్చినవారి చెయ్యి తడిని బట్టి పెరిగిన కొమ్మలూ ఉన్నాయి. స్పెన్సర్ల సంగతే చూడండి. వాళ్ళు వార్విక్‌షైర్‌లో గొర్రెలు మేపి డబ్బు గడించినవాళ్ళు. 1508లో ఆల్థార్ప్ ఎస్టేటు కొన్నారు. అందులో సిగ్గుపడేదేముంది, కష్టార్జితం. కాని ధనం వచ్చాక తాతలు కావాలి. 1595లో రిచర్డ్ లీ అనే రాజోద్యోగి, స్పెన్సర్లు నార్మన్ ప్రభువులైన డెస్పెన్సర్ల సంతతే అని ఒక వంశవృక్షం తయారుచేసి ఇచ్చాడు. పేర్లు దగ్గరగా ఉన్నాయి, ఇంకేం కావాలి? 1621లో ప్రభువుల సభలో ఒకాయన, మీ తాతలు గొర్రెలు కాసుకున్నవాళ్ళే కదా అని దెప్పితే, అవును, ఆ రోజుల్లో మీ తాతలు రాజద్రోహం చేస్తున్నారు అని స్పెన్సర్ ప్రభువు అంటించాడని ఒక కథ చెబుతారు. నాకు ఆ ఉత్తుత్తి నార్మన్ తాత కంటే ఈ గొర్రెల తాతే ఎక్కువ నచ్చాడు.

డెన్బీ ప్రభువుల ఫీల్డింగ్ వంశం ఇంకో మెట్టెక్కింది. తాము ఆస్ట్రియా చక్రవర్తులైన హాబ్స్‌బర్గుల సంతానమేనని దస్తావేజులు చూపించారు. 'టామ్ జోన్స్' రాసిన హెన్రీ ఫీల్డింగ్ ఆ కుటుంబం వాడే. గిబ్బన్ అంతటి చరిత్రకారుడు ఈ బంధుత్వాన్ని నమ్మి మురిసిపోయాడు. ఒకనాడు డెన్బీ ప్రభువు, నీ ఇంటిపేరులో అక్షరాలు మాలాగా కాకుండా తారుమారుగా రాస్తావేమయ్యా అంటే, మా శాఖవాళ్ళకి ముందుగా వర్ణక్రమం వచ్చినట్టుంది అన్నాడట నవలాకారుడు. ఆ మాట అన్నాడో లేదో గాని, అనవలసిన మాటే.

ఈ కట్టుకథల పీచమణచినవాడు హొరేస్ రౌండ్ అనే జగడాలమారి పండితుడు. ఆయనకంటే ముందు 1877లో ఫ్రీమన్ అనే చరిత్రకారుడు బర్క్ పుస్తకం మీద ధ్వజమెత్తాడు. రౌండ్ 1901లోనూ, 1910లోనూ వేసిన పుస్తకాల్లో ఒక్కొక్క వంశాన్నీ పట్టుకుని మూలపత్రాలతో పోల్చి చూపించాడు. డెస్పెన్సర్ తాత ఎగిరిపోయాడు, హాబ్స్‌బర్గ్ తాత ఎగిరిపోయాడు. ఆ చూపించిన పత్రాలే దొంగవని తేల్చాడు. కొకేన్ అనే ఇంకో ఆయన 1887 నుంచి 1898 దాకా ఎనిమిది సంపుటాల 'కంప్లీట్ పీరేజ్' వేశాడు. బర్క్‌తో పోలిస్తే అది నిజాయితీ గల పుస్తకం. 1910లో మొదలైన రెండో కూర్పులో కింద సన్న అక్షరాల్లో ఉన్న వివరాలు నవల కంటే రుచిగా ఉంటాయి. పైన బిరుదు, కింద బండారం.

దొంగ వంశం ఒకరికి గౌరవమైతే, నిజమైన వంశం ఇంకొకరి కొంప ముంచడం చూడాలంటే హార్డీ రాసిన 'టెస్' చదవాలి. 1891 నాటి నవల. ఊళ్ళో తాగి తిరిగే బీదవాడు జాన్ డర్బీఫీల్డ్. ఒక సాయంత్రం దారిలో ఒక మతగురువు, పాత చరిత్రల పిచ్చివాడు, మీరు నిజానికి డర్బర్‌విల్ ప్రభువుల వంశంవారండీ అని మాటవరసకి అంటాడు. ఆ ముక్క ఆయన గుండెల్లో దాచుకుని ఉంటే ఎంత బాగుండేది! తండ్రి నేల మీద ఆగడు. తల్లికి ఆశ పుడుతుంది. అదే ఇంటిపేరు గల ధనవంతులు దగ్గర్లో ఉన్నారు, చుట్టరికం చెప్పుకు రమ్మని పదహారేళ్ళ పిల్లని పంపుతారు. ఆ ధనవంతులు అసలు డర్బర్‌విల్‌లే కారు. స్టోక్ అనే వ్యాపారి బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని, అంతరించిన వంశాల పుస్తకాలు తిరగేసి, బాగుందనిపించిన పేరు పెట్టుకున్నాడు. నిజమైన డర్బర్‌విల్ పిల్ల పాలు పితుకుతుంది, కూలికి పోతుంది, దొంగ డర్బర్‌విల్ కొడుకు చేతిలో నాశనమవుతుంది. ఇల్లు పోయి వీధిన పడ్డనాడు ఆ కుటుంబం తమ తాతల సమాధులున్న చర్చి గోడ పక్కనే మంచం వేసుకుంటుంది. లోపల ముత్తాతలు పాలరాతి కింద హాయిగా పడుకున్నారు, బయట మనవరాలికి కప్పు లేదు.

హార్డీ మీద నాకొక ఫిర్యాదు ఉంది. టెస్ మంచితనానికీ పొగరుకీ కూడా పాత రక్తమే కారణమని అక్కడక్కడ సూచిస్తాడు. వంశం పిచ్చిని ఎత్తిపొడుస్తూనే తనూ ఆ పిచ్చిలో కాలు పెట్టాడు. ఆ పిల్ల ధైర్యం ఆ పిల్లదే అంటే చాలదూ!

నవలల్లో ఆడవాళ్ళు ఈ పుస్తకాల కింద నలిగిపోతే, నిజజీవితంలో ఒకావిడ ఆ పుస్తకాన్నే ఆయుధం చేసుకుంది. ఆవిడ లేడీ యాన్ క్లిఫర్డ్. 1590లో పుట్టింది. తండ్రి కంబర్లండ్ ఎర్ల్. ఇద్దరన్నలు చిన్నతనంలోనే పోయారు, మిగిలింది ఈ పిల్లే. 1605లో ఆయన పోతూ కోటలూ భూములూ తమ్ముడికి రాసి, కూతురికి 15,000 పౌన్లు ఇమ్మన్నాడు. పిల్లకి పదిహేనేళ్ళు. తల్లి మార్గరెట్ ఊరుకోలేదు. పాత కవిలెలు వెతికించింది. ఆ భూములు మగవాళ్ళకే అని ఎక్కడా లేదు, రెండో ఎడ్వర్డ్ రాజు కాలంనుంచీ కూతురికైనా చెందవచ్చన్న కాగితం దొరికింది. చూశారా, వంశచరిత్ర వెతకడం ఇక్కడ కాలక్షేపం కాదు, కూతురి కడుపుకోసం తల్లి పడిన పాటు.

1616లో తల్లి పోయింది. మర్నాటి ఏడు స్వయంగా రాజుగారు కూర్చుని తీర్పు చెప్పాడు, డబ్బు తీసుకుని ఊరుకోమని. భర్త ఒప్పుకున్నాడు, ఆయనకి జూదానికీ ఆడంబరానికీ డబ్బు కావాలి. బిషప్పులు చెప్పారు, చుట్టాలు చెప్పారు. యాన్ సంతకం పెట్టనంది. ఇరవై ఆరేళ్ళు ఓపిక పట్టింది. 1643లో పినతండ్రి కొడుకు మగసంతానం లేకుండా పోయాక ఆస్తి తనంతట తనే ఆవిడ కాళ్ళదగ్గరికి వచ్చింది. అప్పటికి ఆవిడకి యాభై మూడేళ్ళు, దేశంలో అంతర్యుద్ధం. 1649లో ఉత్తరాదికి వెళ్ళి స్కిప్టన్, ఆపుల్‌బీ, బ్రౌమ్ కోటలు బాగు చేయించుకుని, 1676లో చనిపోయేదాకా ఏలింది.

ఆవిడ రాయించిన క్లిఫర్డ్ వంశచరిత్ర మూడు పెద్ద సంపుటాలు. అందులో మగవాళ్ళతోపాటు వాళ్ళ భార్యలు ఎవరు, ఏం తెచ్చారు, ఏం చేశారు అన్నదీ ఉంది. 1646లో వేయించిన పెద్ద చిత్రపటం మూడు పలకలది. ఎడమవైపు ఆస్తి పోగొట్టుకున్న పదిహేనేళ్ళ యాన్, కుడివైపు ఆస్తి దక్కించుకున్న యాభై ఆరేళ్ళ యాన్, మధ్యలో తల్లిదండ్రులూ అన్నలూ. అన్నట్టు, ఆ పటంలో గోడమీద చిన్న చిన్న బొమ్మలు వేలాడుతుంటాయి. మేనత్తలు ఇద్దరు, తల్లి అక్కచెల్లెళ్ళు ఇద్దరు, చిన్నప్పుడు పెంచి చదువు చెప్పిన పంతులమ్మ. బర్క్ పుస్తకంలో చోటు దొరకనివాళ్ళందరికీ ఆవిడ తన గోడ మీద చోటిచ్చింది. తల్లిని ఆఖరిసారి చూసి సెలవు తీసుకున్న చోట, దారి పక్కన, 1656లో ఒక రాతిస్తంభం నిలబెట్టించి, ఏటా ఆ తేదీన అక్కడ బీదలకు నాలుగు పౌన్లు పంచమంది. యుద్ధాలు గెలిచినవాళ్ళు స్తంభాలు పెట్టడం విన్నాం గాని, అమ్మకి వీడ్కోలు చెప్పినచోట పెట్టడం నేనింకెక్కడా వినలేదు.

అలాగని ఆవిడ ఆడవాళ్ళందరి పక్షాన పోరాడిందనడం అబద్ధం. తన హక్కు కోసం పోరాడింది. తన కౌలుదార్ల దగ్గర పాతబాకీల కోసం అంతే పట్టుదలగా కోర్టుకెక్కింది. గొప్పింటి బిడ్డననే అహం గోరంత కూడా తగ్గలేదు. అయినా సరే.

యాన్ కాపురం చేసిన నోల్ అనే మహాసౌధంలోనే, మూడు వందల ఏళ్ళ తరవాత వీటా శాక్‌విల్-వెస్ట్ పుట్టింది. యాన్ డైరీని 1923లో అచ్చు వేయించింది ఈమే. ఆ పని చేస్తుండగా ఆమె మనసులో ఏముందో ఊహించుకోవచ్చు, ఎందుకంటే వీటా కూడా తండ్రికి ఒక్కతే కూతురు. 1928 జనవరిలో తండ్రి పోయాడు. ఇల్లు పినతండ్రికి పోయింది. అదే ఏడు అక్టోబరులో స్నేహితురాలు వర్జీనియా ఉల్ఫ్ 'ఓర్లాండో' నవల రాసి చేతిలో పెట్టింది. అందులో కథానాయకుడు శతాబ్దాలు బతుకుతాడు, మధ్యలో ఆడది అయిపోతాడు, ఆస్తి వ్యాజ్యాలు సాగి సాగి చివరికి ఇల్లు ఆమెకే దక్కుతుంది. చట్టం లాక్కున్నదాన్ని నవల తిరిగి ఇచ్చింది. వీటా ఇంకో మంచి పనీ చేసింది. ఆమె అమ్మమ్మ పెపీటా అని స్పెయిన్ దేశపు నర్తకి. ఆవిడకీ శాక్‌విల్ ప్రభువుకీ పెళ్ళి జరిగిందా లేదా అని 1910లో కోర్టుదాకా వెళ్ళి ఇంటిపరువు వీధిన పడింది. అలాంటి అమ్మమ్మని దాచిపెట్టకుండా, 1937లో ఆవిడ పేరే పెట్టి పుస్తకం రాసింది మనవరాలు.

దాచిపెట్టిన అమ్మమ్మలు ఎందరో. వాళ్ళలో కొందరు మన దేశం వాళ్ళు. ఈస్టిండియా కంపెనీ కొలువుకి వచ్చిన దొరలు ఇక్కడ సంసారాలు పెట్టారు, పిల్లల్ని కన్నారు, పిల్లల్ని ఓడెక్కించి పంపేశారు. తల్లి ఇక్కడే ఉండిపోయింది, పేరు కాగితంలోంచి జారిపోయింది. 1812లో బ్రిటిష్ ప్రధానమంత్రి అయిన లార్డ్ లివర్‌పూల్‌ను కన్నతల్లి చిన్నప్పుడే పోయింది. ఆవిడ తల్లి, అంటే ప్రధానమంత్రిగారి అమ్మమ్మ, కలకత్తాలో బేగం జాన్సన్ అని పేరుపడ్డ ఆవిడ. నలుగురు భర్తల్ని చూసిన గట్టి మనిషి. ఆవిడ తల్లి పోర్చుగీసు-భారతీయ సంతతి స్త్రీ. మనవడు ప్రధాని అయిన సంవత్సరంలోనే అమ్మమ్మ కన్నుమూసింది.

మన హైదరాబాదు కథ చాలామంది వినే ఉంటారు. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల కూతురు సాహిబ్ బేగం 1802లో పుట్టింది. 1805లో అన్నతోపాటు ఇంగ్లండుకి పంపారు. అదే ఏడు తండ్రి పోయాడు, 1813లో తల్లి పోయింది. పిల్ల అక్కడ కిట్టీ అయిపోయింది. కార్లైల్ రాసిన 'సార్టర్ రిసార్టస్'లో బ్లూమీన్ అనే సుందరికి కిట్టీయే మూలమని చాలామంది అభిప్రాయం. ఈ కథలో నన్ను కదిలించేది ప్రేమకథ కాదు. 1840ల్లో, నలభయ్యేళ్ళ ఎడబాటు తరవాత, ఇంగ్లండులో ఉన్న మనవరాలికీ హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాకీ మధ్య ఉత్తరాలు మొదలయ్యాయి. ఒకరు రాసేది ఇంగ్లీషు, ఇంకొకరిది పారసీ, మధ్యలో ఎవరో అనువాదం చెయ్యాలి. మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. కిర్క్‌పాట్రిక్ కట్టించిన కోఠీ రెసిడెన్సీలో 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ నడిచింది, 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది. మీలో కొందరు అక్కడే చదువుకుని ఉంటారు.

ఇంక సూరత్ అమ్మమ్మ. ఇక్కడికి మళ్ళీ ఆ స్పెన్సర్లు వస్తున్నారు. 1961లో స్పెన్సర్ల ఇంట మూడో ఆడపిల్ల పుట్టింది. అంతకు ముందు ఏడాది ఒక మగబిడ్డ పుట్టిన కొన్ని గంటలకే పోయాడు. వారసుడి కోసం కళ్ళు కాయలు కాచిన ఇంట్లో పుట్టిన ఆ పిల్లే డయానా. ఆమె తండ్రి వైపు వంశం పుస్తకాలకెక్కింది, లేని తాతని తెచ్చి అతికించుకుంది, రౌండ్ చేత చీవాట్లు తింది. తల్లి వైపు, మళ్ళీ ఆ తల్లి తల్లి వైపు ఎవరూ అంతగా తొంగి చూడలేదు. చూస్తే ఆరు తరాల వెనక ఎలైజా కెవార్క్ అనే ఆవిడ ఉంది. సూరత్‌లో థియోడోర్ ఫోర్బ్స్ అనే కంపెనీ ఉద్యోగి ఇంట్లో ఉండేది. వాళ్ళ కూతురు కాథరిన్ 1812లో పుట్టింది. స్కాట్లండుకి పంపారు. తండ్రి 1820లో స్వదేశానికి పోతూ ఓడలోనే చనిపోయాడు. కాథరిన్ అబర్డీన్ ప్రాంతంలో క్రాంబీ కుటుంబంలోకి కోడలుగా వెళ్ళింది. ఎలైజా ఎవరని అడిగితే ఆర్మీనియన్ స్త్రీ అని కుటుంబం చెప్పుకుంటూ వచ్చింది. ఆ మాటతో అందరికీ నిశ్చింత.

2013లో డయానాకి తల్లివైపు దూరపు చుట్టాలిద్దరి లాలాజలం పరీక్ష చేశారు. మనిషి ఒంట్లో తల్లినుంచి మాత్రమే వచ్చే ఒక జాడ ఉంటుంది. కొడుకులకీ కూతుళ్ళకీ ఇద్దరికీ వస్తుంది గాని, ముందు తరానికి అందించేది కూతురొక్కతే. అంటే అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ అమ్మ అనే వరస, బర్క్ పుస్తకం ఏ గీతని గియ్యలేదో అచ్చం ఆ గీతే. ఆ ఇద్దరిలోనూ దొరికిన జాడ ఇంచుమించు మన దేశపు వాళ్ళలోనే కనిపించేది. ఎలైజా తండ్రి ఆర్మీనియన్ అయితే కావచ్చు, ఇంటిపేరు అదే చెబుతోంది. తల్లి వరస మాత్రం ఇక్కడిదే. రెండు వందల ఏళ్ళు ఒక్క మాటతో కప్పిన అమ్మమ్మ, ఆరుగురు కూతుళ్ళ చేతులు మారి, రాజుగారి ఇంట్లోకి నడిచి వెళ్ళింది. తండ్రి వైపు కోరి తెచ్చుకున్న నార్మన్ తాత నిలవలేదు, తల్లి వైపు వద్దనుకున్న సూరత్ అమ్మమ్మ నిలిచింది. ఇద్దరూ ఒకే అమ్మాయి వెనక!

చట్టాలు కొంచెం కదిలాయి. 2013లో చేసిన శాసనం 2015లో అమలులోకి వచ్చాక, సింహాసనం విషయంలో ముందు పుట్టిన ఆడపిల్లని వెనక పుట్టిన తమ్ముడు తోసెయ్యలేడు. షార్లెట్ రాకుమారి తరవాత 2018లో లూయీ పుట్టినా ఆమె స్థానం ఆమెదే. ఎర్ల్, డ్యూక్ బిరుదుల్లో చాలావాటికి ఈ మార్పు తగలలేదు, అవి ఇంకా మగవాడికే. ఆడపిల్ల ఆ దేశానికి రాణి కావచ్చు గాని, తండ్రి ఎర్ల్ పదవికి వారసురాలు కాలేదు!

ఎలైజా జాడ మాత్రం డయానా కొడుకు విలియమ్ దగ్గర ఆగిపోతుంది. అతను తన పిల్లలకి దాన్ని ఇవ్వలేడు. జార్జికీ షార్లెట్‌కీ లూయీకీ వచ్చేది వాళ్ళ అమ్మ కేట్ వైపు వరస. కేట్ తల్లి కెరోల్, కెరోల్ తల్లి డొరొతీ. డొరొతీది డర్హమ్ బొగ్గుగనుల ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబం. ఆ డొరొతీ తల్లి ఎవరు, ఆవిడ తల్లి ఎవరు అని ఇప్పుడు చర్చి రిజిస్టర్లు ముందేసుకుని వెతుకుతున్నారు.